పోయినవారి బట్టలు ఎవరి చేతికి ఇవ్వాలి? విజయవాడ, గుంటూరులలో ఉన్న దారులు, వాటి మంచిచెడ్డలు

నాన్నగారి పన్నెండో రోజు భోజనాలు ముగిసి బంధువులు వెళ్లిపోయాక, మా చిన్నాన్నగారు బీరువా తలుపు తీసి, "ఇవన్నీ ఈ రాత్రికే మూటకట్టి పంపించేస్తే మీ అమ్మ మనసు కాస్త కుదుటపడుతుంది" అన్నారు. లోపల పద్దెనిమిది చొక్కాలు, ఏడు ప్యాంట్లు, గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన పది పంచెలు, లుంగీలు, రెండు స్వెటర్లు, సన్మానాలలో కప్పిన శాలువలు ఉన్నాయి. మేము ఆయన మాట ప్రకారమే ఆరు మూటలు కట్టి, మరునాడు విజయవాడ శివారులోని ఒక వృద్ధాశ్రమంలో దించి వచ్చాము. నెల తరువాత మాసికం నాడు అక్కడే భోజనాలు పెట్టడానికి వెళితే, మా ఆరు మూటలూ ముడి విప్పకుండా మెట్ల కింద ఉన్నాయి. ఒకదాని మీద పిల్లి పడుకొని ఉంది.

కోపం రాలేదని చెప్పను. కాని ఆశ్రమం చూసుకొనే ఆవిడతో పది నిమిషాలు మాట్లాడాక తప్పు మాదేనని తెలిసింది. అక్కడ ఉన్నవారిలో ముప్పాతికమంది స్త్రీలు, మగవారిలో ప్యాంటు వేసుకొనేవారు ఇద్దరే, గంజి పంచె కట్టుకొని లేచి తిరిగే ఓపిక ఎవరికీ లేదు. వారికి కావలసినవి లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు, మెత్తటి దుప్పట్లు. మేము ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే ఆ మాట ముందే చెప్పేవారు. లుంగీలు, తువ్వాళ్లు అక్కడే ఉంచి, ఆవిడ అనుమతితో మిగిలినవి వెనక్కి తెచ్చుకొన్నాము. రెండేళ్ల తరువాత గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మగారు పోయినప్పుడు ఆ పని నిదానంగా చేశాము. ఈ రెండుసార్లలో ప్రయత్నించిన దారులను పక్కపక్కన పెట్టి చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. ఎక్కడ ఇవ్వాలి అని కాక, ఏ బట్ట ఎవరికి పనికివస్తుంది అని మొదలుపెడితే ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుందని నా నమ్మకం.

ఎప్పుడు ఇవ్వాలి అన్నది ముందు చూద్దాము. మన ప్రాంతంలో చాలా కుటుంబాలలో, పోయినప్పుడు ఒంటి మీద ఉన్న బట్టలు, పడుకొన్న పక్కబట్టలు కర్మకాండకు సాయంవచ్చే చాకలివారికి ఇవ్వడం ఆచారంగా ఉంది. పదకొండు, పన్నెండు రోజులలో చేసే శయ్యాదానంలో ఇచ్చే పరుపు, గొడుగు, పంచెలు సాధారణంగా కొత్తవే ఉంటాయి. ఈ రెంటికీ బీరువాలోని బట్టలతో సంబంధం లేదు కనుక పన్నెండో రోజులోపు బీరువా ఖాళీ చేసి తీరాలన్న తొందర అనవసరం. ముస్లిం కుటుంబాలలో పోయినవారి వస్తువులు వారసులందరి సొత్తు అవుతాయి కాబట్టి పెద్దవారైన వారసులందరూ ఒప్పుకొన్నాకే దానం చేయాలి, మైనరు పిల్లల వాటాను ఇతరులు దానం చేయకూడదు. క్రైస్తవ కుటుంబాలలో కొందరు స్మారక కూడిక నాడు ఈ పని పెట్టుకొంటారు. ఏ ఇంట్లోనైనా భార్య గాని భర్త గాని బతికి ఉంటే వారి మాటే చివరి మాట. మా అమ్మ మూడో నెలలో తనే బీరువా తీసి, "ఇవి ఇచ్చేయండి, ఆ నీలం చొక్కా మాత్రం ఉంచండి" అన్నది. ఆ నీలం చొక్కాను మేము మొదటి మూటలోనే కట్టేశామని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మెట్ల కింద మూట విప్పకుండా ఉండడం వల్ల మాకు కలిగిన మేలు అదొక్కటే.

అలాగని ఏళ్ల తరబడి ఆగడం కూడా మంచిది కాదు. కృష్ణ ఒడ్డున వానాకాలం తేమకు మూసిన బీరువాలో బట్టలకు బూజు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. గంజి పెట్టిన నూలు బట్టలను పురుగులు వెతుక్కొంటూ వచ్చి తింటాయి. అందుచేత కొన్ని నెలలు దాచాలనుకొంటే ముందు గంజి పోయేలా ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టి, పాత కాటన్ చీరలో చుట్టి పెట్టడం మేలు. కలరా ఉండలు వేసినట్లయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత నూలు చీరలు మన ఊళ్లలో ఎక్కువగా చేరేది పసిపిల్లల ఉయ్యాలలకు, పొత్తిగుడ్డలకు. ఆ ఉండలలో ఉండే నాఫ్తలీన్, జి6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులకు తగిలితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై పచ్చకామెర్లు తీవ్రం కావచ్చు. కాబట్టి ఆ వాసన ఉన్న బట్టలను పూర్తిగా ఉతికి, వాసన పోయేదాకా ఎండబెట్టనిదే పసిబిడ్డలున్న ఇంటికి ఇవ్వకూడదు.

ఇచ్చే ముందు ప్రతి జేబు, ప్రతి మడత వెతకండి. నాన్నగారి చొక్కా జేబులలో గ్యాసు రసీదు, కళ్లద్దాల దుకాణం చీటీ, చెల్లింపు తేదీ దాటిపోయిన ఒక బీమా కాగితం దొరికాయి. పెద్దమ్మగారి బీరువాలో చీరల కింద పరిచిన వార్తాపత్రిక కింద రెండు వేలకు పైగా చిల్లర నోట్లు, ఒక పట్టుచీర మడతలో చెవికమ్మ ఒకటి ఉన్నాయి. చీర మడతే వారి బ్యాంకు అన్న సంగతి ఆ తరం ఆడవారి పిల్లలకు తెలియనిది కాదు, కాని దుఃఖంలో మరిచిపోతాము.

జబ్బు చేసి పోయినవారి బట్టల విషయంలో అనవసరమైన భయాలు కూడా ఉన్నాయి. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుందే గాని ఉతికిన బట్టల ద్వారా కాదు, క్యాన్సరు అసలు అంటేది కాదు. గజ్జి మాత్రం పక్కబట్టల ద్వారా అంటవచ్చు. దానికి కారణమైన పురుగు మనిషి చర్మాన్ని వదిలి రెండు మూడు రోజులకు మించి బతకదు కాబట్టి, వేడినీటిలో ఉతకడానికి వీలులేని బట్టలను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి 3 రోజులకు పైగా ఉంచితే సరిపోతుంది. మంచం పట్టినవారి మరకలు పడిన నైటీలు, దుప్పట్లు, అందరి లోదుస్తులు ఎవరికీ ఇవ్వకండి. చిరిగిన నూలు బనియన్లు, తువ్వాళ్లు ఉతికి ఆటోనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డులో ఇచ్చినా చేతులు, పనిముట్లు తుడుచుకోవడానికి తీసుకొంటారు.

తెలిసినవారి చేతికి

అన్ని దారులలోకి నేను మొదట పెట్టేది ఇదే. ఇంట్లో పనిచేసే ఆవిడ, వాచ్‌మన్ కుటుంబం, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన, నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లిన ఆటో ఆయన, ఆఖరి ఆరు నెలలు సాయంగా ఉన్న కుర్రవాడు, వీరందరి కొలతలు, అలవాట్లు మనకు తెలుసు. పోయినవారిని వారూ ఎరుగుదురు. బట్ట వాడకంలోకి వస్తుందో లేదో రేపు వీధిలోనే కనబడుతుంది.

ఇందులో ఉన్న చిక్కు వద్దని చెప్పలేకపోవడం. జీతం ఇచ్చే ఇంటివారు చేతిలో పెట్టినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే. మా ఇంట్లో పనిచేసే ఆవిడను చొక్కాలు చూపించి అడిగితే, కాసేపు చీపురు అలాగే పట్టుకొని నిలబడి, "మా ఆయనకి పొడుగు సరిపోతాయండి, కాని పెద్దాయన పోయాక ఆయన బట్టలంటే మా అత్త ఒప్పుకోదండి" అన్నది. ఆ మాట ఆవిడ నోటితో రావడానికి కారణం, మేము మూట చేతిలో పెట్టకుండా అడగడం మాత్రమే. అడిగి ఉండకపోతే తీసుకొనేది, దారిలో ఎక్కడో వదిలేసేది, మనం ఇచ్చామని తృప్తిపడేవాళ్లం. అదే ఆవిడ పదిహేను రోజుల తరువాత స్వెటరు మాత్రం అడిగి తీసుకొన్నది. తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కొడుకుకు ధనుర్మాసంలో కావాలట, స్వెటరుకు అత్తగారి అభ్యంతరం లేదట.

పోయినవారివని చెప్పాలా, దాచాలా అని చాలామంది తర్జనభర్జన పడతారు. నా మట్టుకు చెప్పి తీరాలి. పోయినవారి బట్ట కట్టకూడదన్న నమ్మకం ఉన్నవారికి అది చెప్పకుండా అంటగట్టడం వారి నమ్మకాన్ని మోసం చేయడమే అవుతుంది. పైగా ఇలాంటి సంగతి వాడలో రెండు రోజులు కూడా దాగదు. మేము చెప్పి ఇచ్చినవారిలో ఇద్దరు వద్దన్నారు. ఇస్త్రీ బండి ఆయన మాత్రం, "మాస్టారి పంచెలు ఇరవై ఏళ్లు నేనే మడతపెట్టానండి, నాకు కాక ఇంకెవరికిస్తారు" అని నాలుగు పంచెలు ఏరుకొన్నాడు.

ఇలా ఇచ్చేటప్పుడు మూట ఇవ్వకండి. బట్టలను మంచం మీద పరిచి, వారిని పిలిచి, కావలసినవి ఏరుకోమని చెప్పి, మనం వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఎదురుగా నిలబడితే మొహమాటానికి అన్నీ తీసుకొంటారు. ఇచ్చిన బట్టను లెక్కలోకి తెచ్చి ఆ నెల పండుగ మామూలు తగ్గించడం, "ఆ చీర కట్టుకోలేదేం" అని అడగడం చేయకూడనివి.

మిరపచేల దాకా వెళితే

వెనక్కి తెచ్చిన మూటలలో పొడుగు చేతుల చొక్కాలే ఎక్కువ. నాన్నగారు జీవితమంతా అవే వేసుకొన్నారు. వీధిలో ఎవరికీ పెద్దగా పనికిరాని ఆ చొక్కాలకు సరైన చోటు ఎక్కడుందో చెప్పినది ఫిరంగిపురం దగ్గర నాలుగెకరాల మిరప వేసే మా బంధువు ఒకాయన. గుంటూరు చుట్టుపక్కల కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, చేల గట్ల మీద గుడారాలు వేసుకొని నెలల తరబడి ఉంటాయి. కాయ కోసే ఆడవారు చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా తొడుక్కొంటారు. ఎండ, ఆకు దురద, కాయ ఘాటు చేతులకు తగలకుండా ఉండడానికి అది వారి పనిముట్టు లాంటిది. మార్కెట్ యార్డు పరిసరాలలో తొడిమలు తీసే, తాలు కాయలు ఏరే ఆడవారికీ అదే అవసరం. తలకు, ముక్కుకు చుట్టుకోవడానికి తువ్వాళ్లు, పాత కండువాలు కూడా అంతే విలువైనవి.

మేము సంక్రాంతి వెళ్లిన వారానికి, పన్నెండు చొక్కాలు, పెద్దమ్మగారింట్లో మిగిలిన దుప్పట్లు, కొన్ని చీరలు పట్టుకొని సాయంత్రం కోత దిగే వేళకు వెళ్లాము. ముందు మేస్త్రీతో మాట్లాడి ఎన్ని కుటుంబాలు ఉన్నాయో తెలుసుకొన్నాము. ఇరవై కుటుంబాలున్న చోటికి పన్నెండు చొక్కాలతో వెళితే తగవు పెట్టి వచ్చినట్లే అవుతుంది, అందుచేత ఎనిమిది కుటుంబాలున్న చేను చూసుకొన్నాము. పోయినవారి బట్టలని చెప్పాము. ఒక పెద్దావిడ తెల్ల చొక్కా ఒకటి అక్కడికక్కడే చీర మీద తొడుక్కొని, జేబు దగ్గర ఉతికినా పోని ఎర్రసిరా మరక వేలితో రాసి చూసి, "ఈయప్ప అయివోరా ఏమి?" అని అడిగింది. అవునమ్మా, లెక్కల మాస్టారు అన్నాను. ఆవిడ తన మనవణ్ణి పిలిచి ఆ మరక చూపించింది. వాడు ఆ నాలుగు నెలలూ బడికి వెళ్లడం లేదని తరువాత తెలిసింది.

ఈ దారిలో శ్రమ ఎక్కువ, ఆటోకో కారుకో ఖర్చు ఉంది, తెలిసిన రైతు లేకుండా వెళ్లడం కష్టం. పైగా ఇది కాలానికి కట్టుబడిన పని. డిసెంబరు నుంచి మార్చి దాకా కోతలు జోరుగా ఉంటాయి, ఆ తరువాత గుడారాలు లేచిపోతాయి. ఫ్యాన్సీ చీరలు, టెర్లిన్ బట్టలు, పట్టు వారికి ఎందుకూ పనికిరావు. కాని పొడుగు చేతుల నూలు చొక్కాలు, దుప్పట్లు చేతిలో ఉన్నవారికి ఇంతకంటే సరైన చోటు నాకు కనబడలేదు. ఇంట్లో ఎవరైనా వేసవిలో పోతే, ఈ రెండు రకాలను మాత్రం పుష్యమాసం దాకా దాచి ఉంచమంటాను.

ఆసుపత్రి, ఘాటు, గుడి మెట్లు

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి పల్నాడు, ప్రకాశం వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. ప్రమాదం జరిగి 108లో వచ్చినవారి వెంట వచ్చే బంధువులు కట్టుబట్టలతో దిగి, వారం పది రోజులు వరండాలలో పడుకొంటారు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఇదే పరిస్థితి. అక్కడ కావలసినవి లుంగీ, తువ్వాలు, దుప్పటి, ముందు గుండీలున్న వదులు చొక్కా, నైటీ. చేతికి కట్టు కట్టినవారికి తలమీదుగా తొడిగే బట్ట పనికిరాదు. ప్రసూతి వార్డులో మెత్తబడిన నూలు చీరకు ఉన్న గిరాకీ కొత్త పట్టుచీరకు ఉండదు. అయితే వార్డులోకి సంచి పట్టుకొని నేరుగా వెళ్లకండి. ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) కార్యాలయంలోనో, హెడ్ నర్సునో అడిగితే, ఎవరూ లేకుండా చేరిన అనాథ రోగులు ఏ వార్డులో ఉన్నారో, వారికి ఏమి కావాలో చెబుతారు. పెద్దమ్మగారి నైటీలు తొమ్మిది అలా ఒక్క ఉదయంలో చేరవలసిన చోటికి చేరాయి. అక్కడ ఫోటోలు తీయడం మాత్రం మానుకోవాలి. కాలు విరిగి పడుకొన్న మనిషి చేతిలో సంచి పెట్టి కెమెరా వైపు చూడమనడం నేను కళ్లారా చూశాను, ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

విజయవాడలో చాలామందికి మొదట తోచేది దుర్గగుడి పరిసరాలు, కృష్ణ ఘాట్లు, బస్టాండు, రైల్వే స్టేషను. నేరుగా అవసరంలో ఉన్నవారి చేతికి ఇవ్వడమంటే ఇదే కదా అనిపిస్తుంది. నేను ఒక్కసారి పద్మావతి ఘాటు దగ్గర ప్రయత్నించి మానుకొన్నాను. సంచి తెరిచిన రెండు నిమిషాలకు ఇరవైమంది చుట్టుముట్టారు, బలమున్నవారు నాలుగేసి తీసుకొన్నారు, గోడ వారగా కూర్చున్న ముసలాయనకు ఏమీ అందలేదు. అసలు కష్టం అంతకంటే లోతైనది. ఇల్లు లేని మనిషికి బట్ట దాచుకొనే చోటు ఉండదు. ఒంటి మీద ఒకటి, సంచిలో ఒకటి తప్ప మూడోది బరువే. ఉతుక్కొని ఆరేసుకొనే చోటు లేక, మాసిన బట్ట వదిలేసి కొత్తది తొడుక్కోవడమే వారికి సులువు. అక్కడ ఇవ్వదలచుకొంటే, రాత్రి తొమ్మిది దాటాక, ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి ఒక జత, ఒక దుప్పటి, గట్టి గుడ్డసంచి ఒకటి, ఇంతే తీసుకువెళ్లి, పడుకొన్నవారి పక్కన కూర్చొని అడిగి ఇచ్చి రావాలి. లేకపోతే నగరపాలక సంస్థల నిరాశ్రయుల వసతి గృహాలకు ఇవ్వడం మేలు. లక్ష జనాభాకు కనీసం ఒక్క వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించిన తరువాత ఇవి చాలా నగరాలలో ఏర్పడ్డాయి. అక్కడ ఉండేవారిలో కూలిపనులకు వెళ్లే మగవారు చాలామంది కాబట్టి, వృద్ధాశ్రమంలో ఎవరూ ముట్టుకోని ప్యాంట్లు, పొట్టి చేతుల చొక్కాలు అక్కడ ఒక్క పూటలో చెల్లిపోతాయి. మా ఏడు ప్యాంట్లూ అక్కడికే వెళ్లాయి. నడుము కొలత రాసిన చీటీ ప్రతి ప్యాంటుకూ పిన్నుతో గుచ్చి ఇవ్వమని అక్కడి కేర్‌టేకరు చెప్పిన సలహా అన్ని చోట్లా పనికివస్తుంది.

బట్టలను కృష్ణలోనో, బందరు, ఏలూరు, రైవస్ కాలువలలోనో వదిలేయడం ఇంకా కొందరు చేస్తున్నారు. పుష్కరాలప్పుడు, భవానీ దీక్షల విరమణప్పుడు ఘాట్ల మీద వదిలిన బట్టల గుట్టలను ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులే. దీన్ని ఎంచుకోదగిన దారిగా నేను లెక్కించను.

వరదల వంటి విపత్తులకు దాచిపెడదామన్న ఆలోచన కూడా వినబడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు మొదటి రోజులలో కావలసి వచ్చినవి తాగునీరు, పాలు, అన్నం పొట్లాలు. బట్టల అవసరం నీరు తీసి, బురద కడిగాక మొదలయింది. అప్పుడైనా ఆరు మూటలు ఒకచోట కుమ్మరించడం కాక, తెలిసిన ఒక వీధిలో నాలుగిళ్లవారిని అడిగి కొలతల ప్రకారం ఇచ్చినవే ఒంటి మీదికి చేరాయి.

సంస్థ ద్వారా పంపడం, లేదా అమ్మి ఆ డబ్బు ఇవ్వడం

నేరుగా ఇచ్చే ఓపిక, తీరిక అందరికీ ఉండవు. కొడుకులు అమెరికాలో, కూతురు బెంగళూరులో ఉండి, పదిహేను రోజుల సెలవు మీద వచ్చినవారికి మిరపచేల కథ చెప్పి లాభం లేదు. అటువంటివారు పాత బట్టలను క్రమపద్ధతిలో విడదీసి వాడే సంస్థను ఎంచుకోవడం మంచిది. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో ప్రారంభించిన గూంజ్ ఈ పనిలో దేశమంతటా పేరున్నది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పల్లెవారు బావి తవ్వడం, దారి వేయడం వంటి ఊరుమ్మడి పనులు చేసుకొంటే వారి శ్రమకు గుర్తింపుగా బట్టలు ఇవ్వడం వారి పద్ధతి. అందువల్ల తీసుకొనేవారికి చేయి చాచామన్న భావం ఉండదు. మిగిలిన నూలు బట్టతో నెలసరి ప్యాడ్లు కూడా తయారుచేయిస్తారు. ఇందులో ఉన్న లోటు, ఏ బట్ట ఎవరికి చేరిందో మీకు ఎప్పటికీ తెలియకపోవడం. కొందరికి అదే ఊరట కూడా కావచ్చు. వీధిలో ఎదురుపడిన వేరే మనిషి ఒంటి మీద నాన్న చొక్కా చూడలేనివారు ఉంటారు, అది తప్పు కాదు. పంపే ముందు రవాణా ఖర్చు ఎవరిదో అడిగి తెలుసుకోండి. ఆదాయపు పన్నులో విరాళాలకు దొరికే మినహాయింపు డబ్బుగా ఇచ్చినదానికే గాని వస్తువులకు వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

పట్టుచీరల సంగతి వేరు. అవి కూలిపనులకు వెళ్లేవారికి ఇస్తే పెట్టెలో పడి ఉంటాయి, ఒక్కసారి ఉతికితే పాడవుతాయి. పాత కంచి పట్టు చీరలలో వెండి జరీ ఉంటుంది కాబట్టి, "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధులలో తిరిగేవారు వాటిని ఆ వెండి కోసమే కొంటారు. వీధిలో వచ్చినవారికి ఇవ్వకుండా, జరీ పరీక్షించి తూకం కట్టే రెండు మూడు దుకాణాలలో ధర అడగండి. మా పెద్దమ్మగారి చీరలు మూడింటిలో ఒకటే అసలు జరీ అని తేలింది. ఆ డబ్బుతో ఆవిడకు ఆఖరిరోజులలో సాయం చేసిన అమ్మాయి కుట్టుమిషను కొనుక్కొన్నది. మిగిలిన రెండు పట్టుచీరలు, పెళ్లీడుకు వచ్చిన కూతురున్న వాచ్‌మన్ భార్య అడిగి తీసుకొన్నది. నా సిద్ధాంతం ఇక్కడ తప్పింది, అది సంతోషంగా ఒప్పుకొంటాను.

స్టీలు సామాన్లవారికి వేయడం గురించి ఒక్క మాట చాలు. అది దానం కాదు, మారకం. చిరుగులున్నవాటికి, మరకలు పోనివాటికి అది గౌరవమైన దారే. ఆ బట్టలు కూడా బాగుచేయబడి ఎక్కడో ఎవరో కట్టుకొంటారు.

చీరల విషయంలో చాలామంది మరిచిపోయేది జాకెట్టు. చీర ఎవరికైనా సరిపోతుంది, జాకెట్టు ఒక్కరికే సరిపోతుంది. జాకెట్టు, లంగా లేని చీర సగం బట్టే. పెద్దమ్మగారి జాకెట్లు నలభై దాకా ఉన్నాయి, ఆవిడ సన్నని మనిషి. లోపల కుట్టు వదిలిన గుడ్డ ఉన్నవాటిని పక్కకు తీసి, అరండల్‌పేటలో ఒక దర్జీ దగ్గర విప్పించి వదులు చేయిస్తే పదహారు పనికివచ్చాయి. మిగిలిన చీరలకు కొత్త జాకెట్టు ముక్క, కుట్టుకూలి కలిపి ఇచ్చాము. ఆ ఖర్చు పెట్టలేనప్పుడు చీరలను తక్కువమందికి, కాని పూర్తిగా ఇవ్వడమే నయం.

చివరకు ఎవరికీ ఇవ్వడానికి మనసొప్పనివి కొన్ని మిగిలాయి. చిలకలూరిపేట వైపు నుంచి బొంతలు కుట్టడానికి ఒక ఆవిడ ఏటా బ్రాడీపేట వచ్చేది. పెద్దమ్మగారి మంగళగిరి నూలు చీరలు ఆరు, మా బామ్మ నాటి తొమ్మిది గజాల చీర ఒకటి ఆవిడ ముందు పెట్టాము. పై పొరకు ఏది వేయమంటారని ఆవిడ అడిగితే, మా అక్క అందరికంటే ముందు, వాళ్లమ్మ రోజూ కట్టిన పసుపు అంచు చీర చూపించబోయి, చేయి వెనక్కి తీసుకొంది. "అది పైన వద్దు, లోపల వెయ్యండి. పైనయితే తొందరగా చిరిగిపోతుంది" అన్నది.